నాన్న తడబడ్డారు, తమ్ముడు తడబడలేదు

ప్రశ్న: మాది హిందూపురం. పదిహేనేళ్లుగా బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్నాం. నెల కిందట మా నాన్న (61 ఏళ్లు, 60 కిలోలు) పక్క వీధిలో ఉన్న మా అత్తయ్య ఇంట్లో భోజనం చేసి, రోజూ వాడే ఆయుర్వేద మందు, అరిష్టం, రెండు మూతలు, అంటే 30 మిల్లీలీటర్లు తాగి స్కూటరు తీశారు. మలుపులోనే ట్రాఫిక్ పోలీసులు ఆపారు. నోటి నుంచి వాసన వస్తోందని, దిగి తిన్నగా నడవమన్నారు. ఆయనకు మోకాళ్ల నొప్పులు, అప్పుడప్పుడు కళ్లు తిరిగే జబ్బు, పదేళ్లుగా షుగరు. నాలుగడుగులు వేసి తూలారు. మిషన్‌లో ఊదిస్తే 46 వచ్చింది, పరిమితి 30 అట. నేను వెళ్లి మందు సీసా చూపించి బతిమాలితే, మొదటిసారి ఊదిన పాతిక నిమిషాలకు మళ్లీ ఊదించారు. 4 వచ్చింది. పంపేశారు. కానీ వీధి వీధంతా చూసింది. అప్పటి నుంచి నాన్న స్కూటరు ముట్టుకోలేదు.

తరువాత పది రోజులకు మా తమ్ముడు (27 ఏళ్లు, 72 కిలోలు) కోరమంగళలో స్నేహితులతో కూర్చుని, ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర లోపల రెండు బీరు సీసాలు తాగాడు. ఒక్కొక్కటి 650 మిల్లీలీటర్లు, 5 శాతం. పదింబావు దాటాక బైకు మీద బయలుదేరి, పదకొండుకు పావుగంట ముందు దొరికాడు. 61 వచ్చింది. అమెరికా పోలీసుల వీడియోలలో చూసినట్టు తెల్లగీత మీద నడిచి, ఒంటికాలి మీద నిలబడి చూపించాడట. ఎక్కడా తూలలేదట. "నాన్న విషయంలో మిషన్ తప్పు చెప్పలేదా? నా విషయంలోనూ అంతే. కోర్టులో తేల్చుకుంటాను" అంటున్నాడు. వాడికి ఏం చెప్పాలి? అసలు ఏ పరీక్షను నమ్మాలి?
— ఒక కూతురు, బెంగళూరు

సమాధానం:

అమ్మా, నాన్నగారి విషయంలో మీరు సీసా పట్టుకుని పరుగెత్తడం ఆయనను కాపాడింది. ఆ సీసా మీద రాసి ఉన్న అంకెతోనే మీ తమ్ముడికీ సమాధానం చెప్పవచ్చు. ఆ లెక్కకు తరువాత వస్తాను. నేను ఇరవై ఎనిమిదేళ్లు ఫోరెన్సిక్ ప్రయోగశాలలో రక్తంలో ఆల్కహాల్ కొలిచే పని చేశాను. ఈ పరీక్షలు ఎక్కడ నిలుస్తాయో, ఎక్కడ కూలిపోతాయో దగ్గర నుంచి చూశాను కనుక కొంచెం వివరంగానే రాస్తాను.

ముందు నడక సంగతి. మీ తమ్ముడు వీడియోలలో చూసిన పరీక్షలు పోలీసుల సొంత ఊహ కావు. అమెరికా రహదారి భద్రతా సంస్థ డబ్బిస్తే, కాలిఫోర్నియాలో మార్సెలిన్ బర్న్స్, హెర్బర్ట్ మాస్కోవిట్జ్ అనే పరిశోధకులు 1977లో ఒక నివేదిక, 1981లో మరొకటి తయారుచేశారు. ఎన్నో పరీక్షలను వడపోస్తే మూడు మిగిలాయి. ఒకటి, కళ్ల ముందు కలాన్ని పక్కకు జరుపుతూ కనుగుడ్డు అదురుతోందేమో చూడడం. రెండోది, ఒక కాలి మడమకు మరో కాలి వేళ్లు ఆనించి గీత మీద తొమ్మిది అడుగులు వేసి, తిరిగి మళ్లీ తొమ్మిది అడుగులు రావడం. మూడోది, ఒక పాదాన్ని నేల నుంచి జానెడు లోపు ఎత్తి ముప్పై సెకన్లు నిలబడడం. నడకలో ఎనిమిది తప్పులు చూస్తారు. చేతులు చాపడం, అడుగు గీత దాటడం, చెప్పకముందే మొదలుపెట్టడం లాంటివి. వాటిలో రెండు కనిపిస్తే చాలు, తప్పినట్టే.

ఒకసారి మీ ఇంటి వరండాలో గచ్చు గీత మీద ఇలా నడిచి చూడండి. చెప్పులు లేకుండా, పగటి వెలుగులో, ఎవరూ చూడనప్పుడు కూడా పద్దెనిమిది అడుగుల్లో ఎక్కడో ఒకచోట చేయి పక్కకు లేస్తుంది. తిరిగేటప్పుడు మడమ జారుతుంది. ఇప్పుడు అదే నడకను అర్ధరాత్రి, పక్క నుంచి లారీలు దూసుకుపోతుంటే, ఖాకీ బట్టల మనిషి టార్చి వేసి చూస్తుంటే ఊహించుకోండి.

1977 నాటి అధ్యయనంలో పరీక్షకులు అరెస్టు చేయాలని తేల్చినవారిలో దాదాపు సగం మంది, 47 శాతం, అప్పటి పరిమితిలోపే ఉన్నారు. 1981లో ఆ తప్పు 32 శాతానికి దిగింది. 1998లో శాన్ డియేగోలో రోడ్డు మీద ఆపిన 297 మందితో చేసిన అధ్యయనంలో మూడు పరీక్షలూ కలిపి 91 శాతం సరైన నిర్ణయం వచ్చిందన్నారు. వీటిని సమర్థించేవారు చెప్పేది ఈ అంకే. కానీ అక్కడ ఆపినవారిలో ఎక్కువమంది నిజంగానే బాగా తాగినవారు. బాగా తాగినవారిని పట్టుకోవడం తేలిక. అసలు తాగనివారిని ఈ పరీక్ష ఏం చేస్తుందో 1994లో స్పర్జన్ కోల్, రోనాల్డ్ నొవాచిక్ అనే ఇద్దరు పరిశోధకులు చూశారు. చుక్క మద్యం ముట్టని 21 మందితో నడకలు, నిలబడడాలు చేయించి వీడియో తీశారు. అనుభవం ఉన్న 14 మంది పోలీసు అధికారులకు ఆ వీడియోలు చూపించారు. వారి నిర్ణయాల్లో 46 శాతం, ఈ మనిషి బండి నడపలేనంత తాగాడు అని వచ్చాయి. ఆ 21 మందిలో మీ నాన్నగారి లాంటి అరవై దాటిన మోకాళ్లు ఎన్ని ఉండి ఉంటాయని కాదు నా ప్రశ్న. ఆరోగ్యంగా ఉన్నవారి నడకే ఇలా తప్పు చదివితే, ఆయన నడకను చదవడానికి ఎవరికి అర్హత ఉంది?

అమెరికా పోలీసుల శిక్షణ పుస్తకంలోనే జాగ్రత్తలు రాసి ఉన్నాయి. 65 ఏళ్లు దాటినవారు, నడుము, కాళ్లు, లోపలి చెవి జబ్బులు ఉన్నవారు ఈ నడకలో ఇబ్బంది పడతారని. కళ్లు తిరిగే జబ్బు అంటే చాలామందిలో లోపలి చెవి జబ్బే. అది ఉన్నవారిని కళ్ల పరీక్ష కూడా మోసం చేయవచ్చు, ఎందుకంటే కనుగుడ్డు అదరడానికి మద్యం ఒక్కటే కారణం కాదు. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ లాంటి మందులు కూడా అదే పని చేస్తాయి. మన రోడ్ల మీద ఈ మూడు పరీక్షలను ఆ పద్ధతిలో ఎవరూ చేయరు. "దిగు, తిన్నగా నడువు" అనడమే ఉంటుంది. దానికి కొలత లేదు, గీత లేదు, లెక్క లేదు. అధ్యయనం చేసిన పరీక్షకే అన్ని లోటులుంటే, ఏ పద్ధతీ లేని ఈ నడకకు శాస్త్రం పేరు పెట్టడానికి నేను ఒప్పుకోను. మీ నాన్నగారు తూలడం మోకాలి గురించి, చెవి గురించి చెప్పింది. మద్యం గురించి ఏమీ చెప్పలేదు.

మరి మీ తమ్ముడు తూలలేదు కదా? ఆ నడకకూ విలువ లేదు. అతడికి ఇది మింగుడుపడదు కానీ, ఇక్కడే అసలు కిటుకు ఉంది. ఈ పరీక్షలను తయారుచేసింది వంద మిల్లీలీటర్ల రక్తంలో 100 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్నవారిని గుర్తించడానికి. తరువాత అమెరికాలో పరిమితి 80కి దిగితే, దానికి సరిపోతాయా అని చూశారు. మన చట్టంలో పరిమితి 30. అంటే వాళ్లు కొలిచిన గీతకు చాలా కిందనే మన గీత ఉంది. 61 దగ్గర ఉన్న ఇరవై ఏడేళ్ల కుర్రవాడు, కాళ్లలో బలం ఉన్నవాడు, గీత మీద చక్కగా నడవగలడు. అలవాటున్నవాడు ఇంకా చక్కగా నడుస్తాడు. కానీ కాళ్ల కంటే ముందే దెబ్బతినేవి వేరే ఉన్నాయి. ఒకేసారి రెండు వైపుల చూపు పెట్టడం, ఎదుటి బండి దూరాన్ని అంచనా వేయడం, బ్రేకు మీదకు కాలు వెళ్లేందుకు పట్టే క్షణం. గీత మీద నడిచేటప్పుడు ఎదురుగా బస్సు రాదు, పక్క సందులోంచి పిల్లాడు పరుగెత్తుకు రాడు. నడకలో నెగ్గడం బండి నడపడంలో నెగ్గడం కాదు. పరీక్ష తయారుచేసినవారు కూడా అది డ్రైవింగు సామర్థ్యాన్ని కొలుస్తుందని అనలేదు. రక్తంలో ఆల్కహాల్ పరిమితి దాటిందా అని ఊహించడానికి మాత్రమే దాన్ని పెట్టారు.

కాబట్టి నడక ఇద్దరినీ తప్పు చదివింది. నాన్నగారిని అన్యాయంగా పట్టించింది. తమ్ముడికి లేని ధైర్యం ఇచ్చింది.

ఇక మిషన్. వేడి చారు గిన్నె మీద మూత పెట్టి కాసేపటికి తీస్తే గుప్పుమని వాసన వస్తుంది కదా. కింద చారు ఎంత ఘాటుగా ఉంటే పైన ఉన్న గాలిలో అంత ఘాటు చేరుతుంది. మన ఊపిరితిత్తుల్లో కూడా అదే జరుగుతుంది. పలుచని పొర ఒకవైపు రక్తం, ఇంకోవైపు గాలి. రక్తంలో ఎంత ఆల్కహాల్ ఉంటే దానికి తగ్గ పాలు గాలిలోకి వస్తుంది. 2100 మిల్లీలీటర్ల లోతైన ఊపిరిలో ఉన్న ఆల్కహాల్, ఒక మిల్లీలీటరు రక్తంలో ఉన్నదానికి సమానం అన్న లెక్కను మిషన్‌లో పెడతారు. రోడ్డు మీద వాడే నమ్మకమైన మిషన్లలో ప్లాటినం పూసిన చిన్న పలక ఉంటుంది. ఆల్కహాల్ దాని మీద పడి ఎసిటిక్ ఆమ్లంగా మారుతూ కాస్త విద్యుత్తు పుట్టిస్తుంది. ఆ విద్యుత్తే అంకెగా కనిపిస్తుంది.

2100 అన్నది అందరికీ ఒకటే కాదు. మనిషికీ మనిషికీ, ఒకే మనిషిలో ఒక గంటకూ మరో గంటకూ మారుతుంది. అయితే తాగడం ముగిసి, రక్తంలో ఆల్కహాల్ తగ్గుతున్న దశలో ఎక్కువమందిలో అది 2300 దగ్గర ఉంటుంది. అంటే మిషన్ సాధారణంగా ఉన్నదాని కంటే కాస్త తక్కువే చూపుతుంది. ఊపిరి బిగబట్టి ఊదితే అంకె పెరుగుతుంది, వేగంగా ఊపిరి తీసి వదిలి ఊదితే తగ్గుతుంది, జ్వరం ఉంటే పెరుగుతుంది. ఇవన్నీ నిజమే. కానీ ఇవి అంకెను పదో పదిహేనో శాతం అటూఇటూ కదిలిస్తాయి. సున్నాను అరవై చేయవు.

సున్నాకు దగ్గరగా ఉన్నదాన్ని 46 చేసేది మరొకటి ఉంది. నోరు. మిషన్ లెక్క అంతా ఊపిరితిత్తుల్లోంచి వచ్చిన గాలి మీద ఆధారపడింది. ఆ గాలి బయటకు వచ్చేటప్పుడు నోట్లో, చిగుళ్ల సందుల్లో, కట్టుడు పళ్ల కింద ఆల్కహాల్ తడి ఉంటే, దాన్నీ మోసుకొస్తుంది. మిషన్‌కు ఆ తేడా తెలియదు. అరిష్టాలు, ఆసవాలు పులియబెట్టి చేసే మందులు. వాటిలో ఆల్కహాల్ తనంతట తానే పుడుతుంది, సీసా మీద శాతం రాసే ఉంటుంది. కొన్ని దగ్గు మందుల్లో, హోమియోపతి చుక్కల్లో, నోరు పుక్కిలించే ద్రవాల్లో కూడా ఉంటుంది. అంతెందుకు, కేరళలోని పందళంలో 2025లో ఆర్టీసీ డ్రైవర్లు పనస తొనలు తిని డ్యూటీకి వస్తే మిషన్ వారిని తాగినట్టు చూపింది. అనుమానం వచ్చి, సున్నా వచ్చిన మనిషికి అవే తొనలు పెట్టి ఊదిస్తే అతడికీ అంకె పెరిగింది.

నోటి తడి పది పదిహేను నిమిషాల్లో లాలాజలంతో పోతుంది. అందుకే ఊదించే ముందు కనీసం 15 నిమిషాలు నోట్లోకి ఏమీ వెళ్లకుండా చూడాలన్నది శ్వాస పరీక్షల్లో పాత నియమం. నాన్నగారు మందు తాగి మలుపు తిరిగేసరికి ఊదించారు. పాతిక నిమిషాల తరువాత నోరు శుభ్రమైంది, ఊపిరితిత్తులు మాట్లాడాయి, 4 అన్నాయి. అంటే ఆ రాత్రి అక్కడ తప్పు జరిగింది మిషన్‌లో కాదు, మిషన్‌ను వాడిన వేళలో.

ఇప్పుడు లెక్క. కాగితం, పెన్ను తీసుకుని తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టండి.

నాన్నగారు తాగింది 30 మిల్లీలీటర్లు. సీసా చూడండి, అరిష్టాల మీద సాధారణంగా 5 నుంచి 10 శాతం వరకు రాసి ఉంటుంది. 8 అనుకుందాం. 30లో 8 శాతం 2.4 మిల్లీలీటర్లు. ఆల్కహాల్ నీటి కంటే తేలిక కనుక 0.79తో హెచ్చవేస్తే సుమారు 1.9 గ్రాములు. మగవారి బరువులో ఆల్కహాల్ వ్యాపించే భాగాన్ని 0.68గా తీసుకోవడం స్వీడన్ శాస్త్రవేత్త విడ్‌మార్క్ దాదాపు తొంభై ఏళ్ల కిందట చూపిన పద్ధతి. 60 కిలోలకు సుమారు 41 కిలోలు. 1.9 గ్రాములను 41 కిలోలకు పంచితే వంద మిల్లీలీటర్ల రక్తంలో నాలుగైదు మిల్లీగ్రాములు. రెండోసారి మిషన్ చెప్పింది 4.

తమ్ముడు తాగింది 1300 మిల్లీలీటర్లు, 5 శాతం. 65 మిల్లీలీటర్ల ఆల్కహాల్, సుమారు 51 గ్రాములు. 72 కిలోలలో 0.68 అంటే 49 కిలోలు. పంచితే 105 మిల్లీగ్రాములు. కాలేయం గంటకు సగటున 15 చొప్పున కరిగిస్తుంది. ఎనిమిది నుంచి పదకొండుకు పావుగంట ముందు వరకు రెండు గంటల నలభై అయిదు నిమిషాలు. నలభై ఒకటి పోతే 64 మిగులుతుంది. మిషన్ చెప్పింది 61. అతడి కాలేయం చాలా చురుకైనదని, గంటకు 20 కరిగిస్తుందని అనుకున్నా 50. ఎటు తిప్పినా 30 లోపలికి రావడం లేదు.

ఒకే లెక్క, ఒకే పద్ధతి. నాన్నగారి మొదటి అంకెను సీసా ఒప్పుకోలేదు, తమ్ముడి అంకెను ఒప్పుకుంది. "నాన్న విషయంలో తప్పు కనుక నాదీ తప్పే" అన్న వాదన నిలవనిది ఇక్కడే. ఏ పొరపాటు జరిగిందో పేరు పెట్టి చెప్పగలగాలి. నాన్నగారి విషయంలో నోటి తడి. తమ్ముడు ఆఖరి గుక్క తాగి గంటంబావు అయింది, నోట్లో ఏమీ మిగలదు. అతడు చెప్పగల పొరపాటు ఏది?

కోర్టు సంగతి చెబుతాను. 1988 మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను ప్రకారం, బ్రీత్ అనలైజర్‌తోనో ప్రయోగశాల పరీక్ష వంటి మరో పరీక్షతోనో 30 మిల్లీగ్రాములు దాటినట్టు తేలితే నేరం. 2019 సవరణ తరువాత మొదటిసారికి ఆరు నెలల వరకు జైలు, లేదా పది వేల జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే రెండేళ్ల వరకు జైలు, లేదా పదిహేను వేలు, లేదా రెండూ. 203వ సెక్షను కింద తీసిన శ్వాస పరీక్ష ఫలితం సాక్ష్యంగా చెల్లుతుంది. రక్త పరీక్ష చేయలేదు కనుక కేసు పోతుందని స్నేహితులెవరో చెప్పి ఉంటారు. అది నమ్మవద్దు. 1971లో బచ్చూభాయ్ కర్యానీ కేసులో సుప్రీంకోర్టు, మద్యం వాసన, తడబడే నడక, పొంతన లేని మాట, విప్పారిన కనుపాపలు ఉన్నంత మాత్రాన తాగాడని తేల్చలేమంది. ఆ తీర్పు వాసన మీద, నడక మీద నిలబెట్టిన కేసులను పడగొడుతుంది. నాన్నగారి లాంటివారికి అది రక్ష. అంకె ఉన్న కేసులో తమ్ముడికి అది పనికిరాదు. పైగా అదే సుప్రీంకోర్టు 2021లో ఇఫ్కో టోకియో, పెర్ల్ బెవరేజెస్ కేసులో, పరీక్ష అంకె లేకపోయినా డ్రైవరు మత్తులో ఉన్నాడని ఇతర సాక్ష్యాలతో బీమా కంపెనీ నిరూపించుకోవచ్చని చెప్పింది. అంటే ఆ రాత్రి బైకు ఎవరినైనా గుద్ది ఉంటే, "నన్ను ఎవరూ పరీక్షించలేదు" అన్నా గట్టెక్కే పరిస్థితి లేదు.

న్యాయవాదిని కలిసి ఆ మిషన్ కాలిబ్రేషన్, అంటే అంకె సరిగ్గా చూపుతోందో లేదో సరిచూడడం, ఎప్పుడు చేశారు, ఊదే ముందు సున్నా చూపించిందా, ముద్రించిన చీటీలో సమయం సరిగ్గా ఉందా అని చూడమనండి. అది అతడి హక్కు. 2025లో కేరళ హైకోర్టు, ఖాళీ గాలితో చేసే మొదటి పరీక్షలో సున్నా రాని మిషన్ ఫలితాన్ని నమ్మలేమంది కూడా. కానీ అవన్నీ సరిగ్గా ఉంటే, మెజిస్ట్రేటు ముందు తాగానని ఒప్పుకుని జరిమానా కట్టమనండి. లైసెన్సు సస్పెండ్ చేస్తే ఆ కాలమంతా బండి తీయకూడదు.

రక్త పరీక్ష గురించి కొంచెం చెప్పాలి, అది నా చేతి పని కనుక. నడక, శ్వాస, రక్తం, ఈ మూడింటిలో నిజానికి అతి దగ్గరగా వెళ్లేది అదే. మూసిన చిన్న సీసాలో రక్తాన్ని వేడి చేసి, పైన చేరిన ఆవిరిని గ్యాస్ క్రోమటోగ్రఫీ యంత్రంలోకి పంపితే, ఆల్కహాల్ వేరుగా, ఎసిటోన్ వేరుగా, ఒక్కొక్కటి తన సమయానికి గీతగా లేస్తుంది. కానీ అది కూడా సీసా వరకే. ఒక మే నెలలో ఒక ఆసుపత్రి నుంచి మామూలు సీసాలో, రక్తం పులియకుండా ఆపే సోడియం ఫ్లోరైడ్ వేయకుండా, మంచు లేకుండా నాలుగు రోజుల తరువాత మాకొక నమూనా చేరింది. బిరడా లాగగానే టప్పుమని గాలి వచ్చింది. రక్తం పులిసింది. అందులో కనిపించిన ఆల్కహాల్ ఆ మనిషి తాగినదో, సీసాలోనే పుట్టినదో నేను చెప్పలేకపోయాను. చెప్పలేనని రాసి పంపాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఎందుకంటే ఆ కేసులో ఒక పిల్ల చనిపోయింది. సూది గుచ్చే ముందు స్పిరిట్‌తో చర్మం తుడవకూడదని, రక్తం తీసే చోట ఉన్నవారికి ఈనాటికీ గుర్తుచేయాల్సి రావడం నాకు బాధ కలిగిస్తుంది.

మళ్లీ ఎప్పుడైనా మీ ఇంట్లో ఎవరినైనా ఆపితే, ఊదనని మాత్రం మొండికేయవద్దు. 205వ సెక్షను ప్రకారం, సరైన కారణం లేని నిరాకరణను కోర్టు మనకు వ్యతిరేకంగా తీసుకోవచ్చు, అనుమానం ఉంటే అరెస్టూ చేయవచ్చు. మర్యాదగా, స్పష్టంగా, ఊదకముందే చెప్పండి: "అయ్యా, పది నిమిషాల కిందట ఈ మందు తాగాను, పావుగంట ఆగి ఊదుతాను, లేదా ఇప్పుడు ఊది పావుగంటకు మళ్లీ ఊదుతాను." కొత్త గొట్టం పెట్టమని అడగండి, సున్నా చూపించమనండి, చీటీ అడిగి తీసుకోండి. అరెస్టు దాకా వస్తే, స్టేషన్‌లో మరోసారి ఊదే అవకాశం ఇవ్వాలని చట్టమే చెబుతోంది. రెండు గంటల లోపల వైద్య పరీక్ష జరగాలి, జరగకపోతే వదిలేయాలి. కన్నడంలో ఉన్న కాగితం చదవలేకపోతే, చదివి వినిపించమని అడిగాకే సంతకం చేయండి.

నాన్నగారి విషయంలో నన్ను అన్నిటికంటే భయపెట్టింది ఆయన షుగరు. రక్తంలో చక్కెర 70 కంటే కిందికి పడిపోతే మనిషి చెమటలు కక్కుతాడు, మాట ముద్దగా వస్తుంది, అడుగు తడబడుతుంది, అడిగినదానికి చిరాకుగా బదులిస్తాడు. దారిన పోయేవాడికి అచ్చం తాగినట్టే ఉంటుంది. అలాంటి మనిషిని తాగాడని పక్కన కూర్చోబెడితే, పోయేది పరువు ఒక్కటే కాదు, ప్రాణం. జేబులో మూడు నాలుగు చెంచాల చక్కెర పొట్లం, తెలుగులోనూ కన్నడంలోనూ "నాకు షుగరు ఉంది, తూలితే చక్కెర నీళ్లు ఇవ్వండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి" అని రాసిన కార్డు, మీ ఫోను నంబరు పెట్టండి. స్కూటరు డిక్కీలో పెట్టవద్దు, చొక్కా జేబులోనే ఉండాలి. అరిష్టాన్ని ఇంటికి వచ్చి, పడుకునే ముందు తాగమనండి.

స్కూటరు మళ్లీ తీయమని ఆయనను వెంటనే బలవంతపెట్టవద్దు. అవమానం ఒక కారణం, కళ్లు తిరగడం మరో కారణం. రెంటినీ విడదీసి చూడండి. చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గరకు తీసుకెళ్లి, ఎన్నిసార్లు తిరుగుతోంది, తల తిప్పినప్పుడా, లేచినప్పుడా, ఎంతసేపు అన్నది చెప్పించండి. బండి నడపవచ్చో లేదో ఆ డాక్టరే చెప్పాలి. ఆయన వద్దంటే, మద్యంతో సంబంధం లేకపోయినా, ఆ మాట వినాలి. నడపవచ్చంటే, మొదటి రోజు అత్తయ్య ఇంటి వరకు వెనక సీట్లో మీరు కూర్చోండి. తమ్ముడు లెక్క చేసిన కాగితాన్ని నాన్నగారికి తనే చూపించాలి. రెండు అంకెలూ ఒకే కాగితం మీద ఉండాలి, 4 పైన, 61 కింద.